బియ్యం సంచి తూకం: సగటు చెప్పని సంగతి గంట గీతలో

అత్తిలి: సంచి మీద 25 కిలోలు అని అచ్చు వేసి ఉంటుంది. కాటా మీద పెడితే ఒక సంచి 25 కిలోల 110 గ్రాములు, దాని పక్క సంచి 24 కిలోల 970 గ్రాములు తూగుతుంది. మిల్లు పుస్తకంలో మాత్రం ‘సగటు తూకం 25.060’ అని ఒకే అంకె రాసి ఉంటుంది. ఆ ఒక్క అంకె చూసి తృప్తిపడే మిల్లరుకు తాను ఎంత బియ్యం ఊరికే ధారపోస్తున్నదీ, ఏ సంచి కారణంగా కొనుగోలుదారు చేత మాట పడుతున్నదీ తెలిసే దారి లేదు.

సార్వా, దాళ్వా రెండు పంటల ధాన్యం ఆడే అత్తిలి, తణుకు, తాడేపల్లిగూడెం ప్రాంతపు మిల్లులలో లెక్కలు ఇప్పుడు కంప్యూటరు మీదే సాగుతున్నాయి. జమాఖర్చులు, వే బిల్లులు, పన్ను రిటర్నులు అన్నిటికీ ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్ వాడుకలో ఉంది. అదే స్ప్రెడ్‌షీట్‌లో పావుగంట వెచ్చిస్తే సంచుల తూకాలకు ‘నార్మల్ కర్వ్’ గీయవచ్చు. బి.కాం. చదువుకున్న గుమస్తా ఎవరైనా పరీక్ష కోసం ఒకసారి గీసి మరచిపోయిన గంట ఆకారపు గీత ఇదే. దీనికి వ్యాపారంలో పని ఉందని చాలామంది అనుకోరు. కాని పదివేల సంచుల లోడు మీద ఈ గీత చెప్పే తేడా అర లక్ష రూపాయల దాకా పోతుంది. ఆ లెక్క ఎలాగో ముందు చూద్దాం.

ఒకే సగటు, రెండు కాటాలు

ఒక మిల్లులో సంచులు నింపే కాటాలు రెండు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కదాని నుంచి 50 సంచులు తీసి, ఖాళీ సంచి బరువు మినహాయించి నికర తూకం రాసుకున్నారు. రెండింటికీ సగటు 25 కిలోల 60 గ్రాములే వచ్చింది. యజమాని దృష్టిలో రెండు కాటాలూ సమానమే.

సంచికి సంచికి ఉండే తేడాను కొలిచేది ప్రామాణిక విచలనం. సగటు నుంచి తూకాలు మామూలుగా ఎంత దూరం జరుగుతున్నాయో అది చెబుతుంది. మొదటి కాటాకు ఇది 80 గ్రాములు, రెండవ కాటాకు 30 గ్రాములు వచ్చిందనుకుందాం. తూకాలు గంట ఆకారంలో పరుచుకుంటే నూటికి 68 సంచులు సగటుకు ఒక విచలనం దూరంలోనూ, 95 సంచులు రెండు విచలనాల లోపలా, ఇంచుమించు అన్నీ మూడు విచలనాల లోపలా పడతాయి.

దీన్ని బట్టి మొదటి కాటా నింపిన ప్రతి వంద సంచులలో 23 సంచులు 25 కిలోలకు తక్కువగా ఉంటాయి. రెండవ కాటాలో అటువంటివి రెండే. సగటు ఒకటే అయినా దుకాణదారుల ఫిర్యాదులు ఒక కాటా సంచుల మీదే వస్తుంటాయి. కారణం అంతుపట్టక మిల్లరు హమాలీలను, లారీ క్లీనరును అనుమానించడం మొదలుపెడతాడు.

ఇక డబ్బు లెక్క. వందకు రెండు సంచులకు మించి తక్కువ రాకూడదని మిల్లరు కట్టుబాటు పెట్టుకుంటే, సగటును 25 కిలోలకు రెండు విచలనాలు పైన ఉంచాలి. రెండవ కాటాకు అది 25.060. మొదటి కాటాకు 25.160. అంటే మొదటి కాటా ప్రతి సంచిలోనూ 100 గ్రాములు అదనంగా పోయవలసివస్తుంది. పదివేల సంచులకు ఇది పది క్వింటాళ్ళు. బియ్యం కిలో 50 రూపాయలని లెక్కకు తీసుకుంటే 50 వేల రూపాయలు. కాటాకు మరమ్మతు చేయించడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో ఈ అంకె చూసి నిర్ణయించుకోవచ్చు. బేరం దగ్గర క్వింటాలుకు ఐదు రూపాయల కోసం గంటసేపు వాదించే వ్యాపారి ఇక్కడ క్వింటాలుకు 20 రూపాయలు వదులుకుంటూ అది తెలియకుండా ఉండడం వింతే.

షీటులో గీయడం

ఎ నిలువు వరుసలో 50 సంచుల తూకాలు ఎ2 నుంచి ఎ51 దాకా కిలోలలో, మూడు దశాంశ స్థానాలతో వేయాలి. తూకాలు కాటా చూపించినవి చూపించినట్టే వేయాలి. ‘25.030 కదా, 25 అనుకుందాం’ అని సర్దితే తరవాతి పని అంతా వృథా. పరీక్షకు వాడే కాటా సన్నని తేడాలు చూపగలదై ఉండాలి. 50 గ్రాముల మెట్ల మీద మాత్రమే కదిలే కాటాతో 30 గ్రాముల విచలనం పట్టుకోవడం సాధ్యం కాదు.

డి1 గడిలో ఏవరేజ్ ఫంక్షన్‌తో సగటు, డి2 గడిలో ఎస్‌టిడిఇవి డాట్ ఎస్ ఫంక్షన్‌తో ప్రామాణిక విచలనం తీయాలి. రెండింటికీ ఇవ్వవలసింది ఎ2 నుంచి ఎ51 దాకా ఉన్న గడులే. ఫంక్షన్ పేర్లు ఇంగ్లీషు అక్షరాలలోనే కొట్టాలి. చివర ‘ఎస్’కు బదులు ‘పి’ ఉన్న ఫంక్షన్ కూడా ఉంది. మొత్తం సరుకు అంతా తూచినప్పుడు అది వాడాలి. నమూనా మాత్రమే తూచినప్పుడు ‘ఎస్’ వాడడమే సరి. 50 సంచులకు రెండింటి నడుమ తేడా స్వల్పం. పది సంచులే తూచినవారికి మాత్రం ఆ తేడా లెక్కకు వస్తుంది.

ఇప్పుడు గీతకు కావలసిన బిందువులు. ఎఫ్2 గడిలో సగటు నుంచి మూడు విచలనాలు తీసివేసిన అంకె రావాలి. మొదటి కాటా ఉదాహరణలో అది 24.820. ఎఫ్3లో దానికి విచలనంలో నాలుగో వంతు, అంటే 20 గ్రాములు, కలపాలి. అదే సూత్రాన్ని ఎఫ్26 దాకా కిందికి లాగితే 25 బిందువులతో 25.300 దగ్గర ఆగుతుంది. సూత్రంలో డి1, డి2 గడులకు డాలరు గుర్తులు పెట్టి బిగించాలి. లేకపోతే కిందికి లాగేటప్పుడు గడి కూడా జరిగిపోయి అర్థం లేని అంకెలు వస్తాయి.

జి2 గడిలో నార్మ్ డాట్ డిస్ట్ ఫంక్షన్. ఇందులో నాలుగు అంశాలు వరుసగా ఇవ్వాలి: ఎఫ్2, సగటు, విచలనం, చివరగా ‘ఫాల్స్’ అనే మాట. 2010 ఎక్సెల్‌కు ముందు ఈ ఫంక్షన్ పేరులో చుక్క లేదు. ఆ పాత పేరు కొత్త ఎక్సెల్‌లోనూ పనిచేస్తుంది. చివరి అంశం దగ్గరే ఎక్కువమంది పొరబడుతుంటారు. ‘ఫాల్స్’ ఇస్తే ఆ తూకం దగ్గర గీత ఎత్తు వస్తుంది. ‘ట్రూ’ ఇస్తే ఆ తూకానికి తక్కువగా ఉన్న సంచుల భాగం వస్తుంది. ‘ట్రూ’ పెట్టి చార్టు గీస్తే గంట రాదు, కింద మొదలై మెలిక తిరిగి పైకెక్కే గీత వస్తుంది. అది పనికిరానిది కాదు. నిజానికి డబ్బు లెక్కకు కావలసింది అదే. ఏదో ఒక గడిలో 25, సగటు, విచలనం, ‘ట్రూ’ ఇస్తే మొదటి కాటాకు 0.2266 వస్తుంది. పైన చెప్పిన 23 సంచుల లెక్క ఇదే.

చార్టుకు ఎఫ్, జి వరుసలను ఎంచుకుని, ఇన్సర్ట్ మెనూలో స్కాటర్ రకం, అందులో నున్నని గీతల రకం తీసుకోవాలి. ‘లైన్’ అనే రకం తీసుకోరాదు. అది అడుగున ఉన్న తూకాలను కొలతలుగా చూడదు, వట్టి పేర్లుగా వరుస పెడుతుంది.

వచ్చిన గీత కళ్ళంలో ధాన్యపు రాశిని పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. కొన మాత్రం గుండ్రంగా, అంచులు నేల మీదికి సాగినట్టు కనిపిస్తాయి. మొదటి కాటా గీత శిఖరం ఎత్తు 4.99, రెండవదానిది 13.3 అని చూపుతుంది. ఇవి సంచుల సంఖ్య అనుకుని కంగారు పడేవారున్నారు. కాదు. గీత కింద ఉన్న మొత్తం వైశాల్యం ఒకటి కావాలి కనుక గీత సన్నబడిన కొద్దీ ఎత్తు పెరుగుతుంది. సంచులలో కావాలంటే ఆ ఎత్తును మొత్తం సంచుల సంఖ్యతోనూ, తరగతి వెడల్పుతోనూ గుణించాలి. 40 గ్రాములకొక తరగతి చొప్పున 50 సంచులను విడదీస్తే మొదటి కాటా శిఖరం సుమారు 10 దగ్గరికి వస్తుంది.

ఈ గుణకారం వేసుకోవడానికి అసలు కారణం వేరు. గంట గీత గీయమంటే ఎక్సెల్ ఎటువంటి అంకెలకైనా గీస్తుంది. దానికి కావలసింది సగటు, విచలనం మాత్రమే. అసలు తూకాలు ఆ ఆకారంలో ఉన్నాయా లేవా అన్నది అది అడగదు. కనుక 24.820 నుంచి 40 గ్రాములకొక తరగతి చేసి, ఒక్కొక్క దానిలో ఎన్ని సంచులు పడ్డాయో కౌంట్ ఇఫ్స్ ఫంక్షన్‌తో లెక్కించి, ఆ సంఖ్యలను చుక్కలుగా అదే చార్టు మీద వేయాలి. సగటుకు చెరోవైపున ఉన్న తరగతులలో 9, 10 సంచుల చొప్పున వచ్చి, చుక్కలు గీతను అంటిపెట్టుకుని దిగితే గీతను నమ్మవచ్చు. చుక్కలు ఒక దారి, గీత ఒక దారి అయితే నమ్మవలసింది చుక్కలను.

గంట ఎందుకు వస్తుంది

తొట్టిలో బియ్యం మట్టం, గింజ జారే తీరు, తలుపు మూసుకునే క్షణం, యంత్రపు అదురు, ఖాళీ సంచి బరువు—ఇవన్నీ సంచి తూకాన్ని తలా కొంచెం అటో ఇటో నెడుతుంటాయి. ఒకదానితో ఒకటి పొత్తు లేని చిన్న చిన్న కారణాలు అనేకం కూడినప్పుడు మొత్తం ఫలితం గంట ఆకారం పొందుతుంది. డి మోయివర్ 1733లోనే ఈ గీతను కనుగొన్నాడు. గ్రహాల స్థానాలను కొలవడంలో వచ్చే పొరపాట్లను లెక్కించే సందర్భంలో గాస్ 1809లో దీన్ని వాడాడు. యూరో రాకముందు జర్మనీలో చెలామణి అయిన 10 మార్కుల నోటు మీద గాస్ బొమ్మ పక్కన ఈ గీతనే అచ్చు వేశారు. మన దేశంలో దీన్ని పొలం గట్టు దాకా తెచ్చినవారిలో మహలనోబిస్ ముఖ్యుడు. ఆయన 1931లో కలకత్తాలో నెలకొల్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు ప్రపంచ ఖ్యాతి గడించారు.

కాటాను ఊరికే కదిలించడం వల్ల వచ్చే నష్టం

ఒక సంచి 24.950 తూగింది. వెంటనే కాటా మనిషి 50 గ్రాములు పెంచుతాడు. తరవాతి సంచి 25.120 వస్తుంది. ఈసారి 120 తగ్గిస్తాడు. పనిలో శ్రద్ధ ఉన్నవాడని యజమాని మెచ్చుకుంటాడు. నిజానికి ఈ శ్రద్ధ వల్ల నష్టమే. యంత్రం తనంతట తాను 80 గ్రాముల విచలనంతో పనిచేస్తున్నప్పుడు, ప్రతి సంచి తరవాత తప్పినంతా సరిచేస్తూ పోతే విచలనం 113 గ్రాములకు పెరుగుతుంది. అమెరికా గణాంకవేత్త డెమింగ్ ఈ సంగతిని గరాటులోంచి గోళీ జారవిడిచి చూపించేవాడు. గోళీ పక్కకు పడినప్పుడల్లా గరాటును జరిపితే గోళీలు మరింత చెదిరి పడతాయి.

సగటులో కూడా కొంత అనిశ్చితి ఉంటుంది. 80 గ్రాముల విచలనం ఉన్న కాటాకు 50 సంచుల సగటు అసలు సగటుకు 20, 25 గ్రాములు అటూ ఇటూగా ఉండవచ్చు. కాబట్టి పొద్దుట 25.060, మధ్యాహ్నం 25.045 వచ్చిందని కాటా విప్పనక్కర లేదు. కొద్ది నమూనాతో ఎంతవరకు నమ్మవచ్చునన్న ఈ ప్రశ్నకు 1908లో సమాధానం ఇచ్చినది డబ్లిన్ నగరపు గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి గాసెట్. ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ఆయన వ్యాసం అచ్చయింది.

తేమ తగ్గితే గీత మొత్తం జరుగుతుంది

మిల్లర్లకు అసలు ప్రమాదం వేరేచోట ఉంది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం 15 కిలోలకు మించిన ప్యాకెట్లకు అనుమతించే తేడా 1 శాతం, అంటే 25 కిలోల సంచికి 250 గ్రాములు. దీనికి తోడు పరీక్షకు తీసిన సంచుల సగటు ప్రకటించిన తూకానికి తగ్గరాదు. మొదటి కాటా సంచులు ఈ రెండు పరీక్షలూ తేలికగా నెగ్గుతాయి. 24.750కి దిగువన సంచి రావడం దాదాపు అసంభవం.

ఇది సంచి కుట్టిన రోజు మాట. బియ్యంలో తేమ 14 శాతం ఉండగా నింపారు. వేసవిలో గోదాములోనూ, దుకాణంలోనూ ఉండి తేమ 13 శాతానికి దిగిందనుకుందాం. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. బియ్యంలోని పొడి భాగం మారదు కనుక సంచి తూకం 87వ వంతు తగ్గుతుంది. 25.060 కిలోల సంచి 24.772కు వస్తుంది. పోయింది 288 గ్రాములు. గంట గీత ఆకారం చెదరకుండా మొత్తంగా ఎడమకు జరుగుతుంది. అప్పుడు నూటికి దాదాపు నూరు సంచులు 25 కిలోలకు తక్కువ. 250 గ్రాముల హద్దుకు కూడా దిగువన పడేవి నూటికి 39. ఒక గింజ కూడా ఎవరూ తీయలేదు. సంచిలోంచి పోయింది నీరు మాత్రమే. తనిఖీ అధికారి ముందు మాత్రం ఈ సంగతి చెప్పుకోవడం కష్టం.

రెండవ కాటా వాడినా ఇక్కడ తప్పించుకోవడం లేదు. దాని సంచులలోనూ నూటికి 23 ఆ హద్దుకు దిగువనే పడతాయి. కనుక విచలనం తగ్గించడం ఒక పని, తేమ చూసి సగటు ఎక్కడ నిలపాలో నిర్ణయించుకోవడం మరొక పని. నింపిన రోజు తూకాలను, అదే సంచులను నెల తరవాత తూచినప్పటి తూకాలను ఒకే చార్టు మీద గీస్తే ఈ జరుగుబాటు ఎంతో కంటికి కనిపిస్తుంది. లోపలి పూత ఉన్న సంచికీ మామూలు నేత సంచికీ ఉన్న తేడా కూడా ఇలాగే తేల్చవచ్చు. ముందుగా ప్యాక్ చేసి లేబులు వేసిన 25 కిలోల వరకు సంచులపై 2022 జూలై 18 నుంచి 5 శాతం జి.ఎస్.టి. వచ్చాక 26 కిలోల సంచులు విరివిగా బజారులోకి వచ్చాయి. వాటికి పన్ను లెక్క వేరైనా తేమ లెక్క మాత్రం ఇదే.

గంట రాని చోట్లు

ధాన్యం కొనుగోలు దగ్గర ఈ గీతను గుడ్డిగా వాడితే మోసపోతారు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ హద్దు 17 శాతం. ఒక లోడులో సగం రోడ్డు మీద ఆరబోసిన 14 శాతం ధాన్యం, సగం కోత యంత్రం నుంచి నేరుగా వచ్చిన 20 శాతం ధాన్యం ఉందనుకుందాం. సగటు సరిగ్గా 17. షీటు ఆ సగటు చుట్టూ చక్కని గంట గీస్తుంది. 17 దగ్గర ఒక్క బస్తా కూడా ఉండదు. చుక్కలు వేస్తే 14 దగ్గర ఒక గుట్ట, 20 దగ్గర ఒక గుట్ట విడివిడిగా లేస్తాయి. 20 శాతం బస్తాలు గోదాములో వేడెక్కి గింజ రంగు మారితే ఆ నష్టాన్ని పక్కనున్న 14 శాతం బస్తాలు తీర్చవు. 75 కిలోల బస్తా 20 నుంచి 17 శాతానికి ఆరితే 2 కిలోల 710 గ్రాములు తగ్గుతుంది. 2025–26 సీజనుకు సాధారణ రకానికి ప్రకటించిన క్వింటాలు రూ. 2,369 మద్దతు ధరన అది బస్తాకు 64 రూపాయలు. రైతుకూ మిల్లరుకూ నడుమ తగాదా అంతా ఈ 64 రూపాయల దగ్గరే. రెండు గుట్టలు కనిపించిన లోడును రెండు లోడులుగా విడదీసి బేరం చేసుకుంటే ఆ తగాదా చాలావరకు తగ్గుతుంది.

కొల్లేరు, భీమవరం వైపు రొయ్యల వ్యాపారులు కౌంటు లెక్కన కొంటారు. 50 కౌంటు అంటే కిలోకు 50 రొయ్యలు, సగటున ఒక్కొక్కటి 20 గ్రాములు. ఇక్కడా చెరువు సగటు ఒక్కటే చూస్తే చాలదు. 30 గ్రాములవీ 10 గ్రాములవీ సగం సగం కలిసిన సరుకు కూడా 50 కౌంటే చూపుతుంది. అందుకే కొనేవారు సైజు సమంగా ఉందా అని వలలో చేయి పెట్టి చూస్తారు. ఆ చేయి చేసే పని విచలనం కొలవడమే.

ధరలకు ఈ గీత అసలు పనికిరాదు. రోజువారీ ధర మార్పులను షీటులో వేసి సగటు, విచలనం తీసి ‘మూడు విచలనాలకు మించి ధర కదలదు’ అని సరుకు నిలవ చేసినవారు ఉన్నారు. సంచి తూకాన్ని కదిలించే కారణాలు చిన్నవి, వేర్వేరువి. ధరను ఒక్క ఉత్తర్వు కదిలిస్తుంది. తాడేపల్లిగూడెం టోకు వర్తకులు ఎరిగిన ఉల్లి సంగతే చూడవచ్చు. 2019 సెప్టెంబరు 29న కేంద్రం ఎగుమతులు నిషేధించింది. అయినా ఆ డిసెంబరులో చిల్లర ధర కిలో వంద రూపాయలు దాటింది. బియ్యంలోనూ అంతే. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని 2023 జూలై 20న ఆపారు. 2024 సెప్టెంబరు 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధర షరతుతో తిరిగి వదిలారు, అక్టోబరులో ఆ షరతునూ తీసేశారు. నిషేధానికి ముందు వారం ధరలతో గీసిన గంటలో ఆ మూడు తేదీలలో దేనికీ చోటు ఉండదు.